మూడు దినాల బొగ్గు

వారాసిగూడ మలుపులో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన,
నాలుగు చక్రాల బండి మీద ఈదమ్మ ఇస్త్రీపెట్టె.
పొద్దున్నే మూత తెరిచి విసనకర్ర ఆడిస్తుంది.
నల్లగా నిద్రపోతున్నవి
ఒక్కొక్కటే కళ్ళు తెరుస్తాయి.
పాలమూరు దిక్కు ఏ చెరువుగట్టునో పెరిగిన సర్కారు తుమ్మ,
పదేళ్ళ ఎండ, పదేళ్ళ గాలి,
నా చొక్కా కాలరు మీద నిమిషంలో ఖర్చయిపోతుంది.

నా కొలువు గాలిని లెక్కపెట్టడం.
హబ్సిగూడలో ఒక మేడ మీద సన్నటి గొట్టం.
అది పీలుస్తుంది, అంకె చెబుతుంది, నేను రాస్తాను.
పది లక్షల పాళ్ళలో నాలుగొందల ఇరవై పడిన రోజు
మా అటెండరు జహంగీర్ నవ్వాడు:
"చార్ సౌ బీస్! గాలి కూడా మోసం నేర్చిందా సాబ్?"
గాలి కాదు జహంగీర్, అన్నాను.
తుమ్మ బొగ్గు చేబదులు, పదేళ్ళలో ఇంకో తుమ్మ తీరుస్తుంది.
సింగరేణి కింద పాతిక కోట్ల ఏళ్ళుగా దాచింది
మన ఏసీల కోసం ఒక్క ఎండాకాలంలో—
అప్పటికే టీ తేవడానికి వెళ్ళిపోయాడు.

మొన్న ఆషాఢంలో ఈదమ్మ పెనిమిటి పోయాడు.
బిచ్చపతి. లారీ క్లీనరు. ఇంటిపట్టున ఉన్నది తక్కువ.
అంబర్‌పేటలో, మూసీ వాసన మధ్య, కాల్చారు.
దినాలు అయ్యాక బండి మళ్ళీ మలుపులోకి వచ్చింది.
ప్యాంటు మడత మీద నీళ్ళు చిలకరిస్తూ
తలెత్తకుండా అడిగింది:
"సారూ, మీరు గాలి సదువు సదివిండ్రు గద.
మనిషి కాలినంక యాడికి పోతడు?"

ఆత్మ సంగతి నేనెరగను. బొగ్గు సంగతి చెప్పాను.
అరవై కిలోల మనిషిలో
అటూ ఇటూగా పదకొండు కిలోలు.
చెయ్యి ఆగింది.
"పదకొండు కిలోలేనా?"
వేళ్ళ మీద లెక్కేసుకుంది.
"మూడు దినాల బొగ్గు."
పెట్టెను ఇటుక మీదికి జరిపి
చాలాసేపు రోడ్డు వైపు చూసింది.

చెప్పకుండా ఉండాల్సింది.
మొదలెట్టాక ఆపలేకపోయాను.
పొగై పోయింది పోయినట్టే ఉండదమ్మా.
కొంత సీతాఫల్‌మండి వేపాకుల్లో దూరుతుంది.
కొంత ఎవరి పెరట్లోనో సొరపాదు తాగుతుంది,
ఆ సొరకాయ తిన్నవాళ్ళు
మెట్లెక్కుతూ ఆయాసంలో వదిలేస్తారు.
కొంత వానలో కరుగుతుంది.
ఆ వాన మౌలాలి గుట్ట మీద పడి
ఏనుగంత రాయిని నాకుతుంది,
వెయ్యేళ్ళు నాకితే గోరంత అరుగుతుందేమో.
అరిగింది మూసీలోకి, మూసీ కృష్ణలోకి,
కృష్ణ హంసలదీవి దగ్గర ఉప్పునీళ్ళలోకి.
అక్కడొక నత్త దానితో ఇల్లు కట్టుకుంటుంది.
నత్త చస్తుంది. ఇల్లు అడుక్కి చేరుతుంది.
అడుగు రాయవుతుంది.
నీ గుమ్మం ముందున్న తాండూరు బండ
ఒకప్పటి సముద్రం అడుగే.
కోట్ల ఏళ్ళు పడుతుంది, అన్నాను,
క్షమించమన్నట్టు.

ఈదమ్మ నవ్వింది.
"అంటే సచ్చినా ఆ మనిషి
ఇంటిపట్టున ఉండడన్నట్టు.
లారీ ఎక్కిండు మళ్ల."

బండి కింద నూనెడబ్బాలో కరివేపాకు మొక్క,
రోజూ పెట్టెలో మిగిలిన బూడిదంతా దానికే.
రెండు రెబ్బలు తుంచి నా బట్టల మీద పెట్టింది.
"పప్పుల ఏస్కోండ్రి."

రాత్రి పప్పులో తేలింది.
నలభై ఏళ్ళుగా కంచం అంచుకు నెట్టేసే ఆకుని
నెట్టలేకపోయాను.
నమిలాను. కాస్త వగరు. కాస్త పొగ వాసన,
అది నా ఊహే కావచ్చు.

తెల్లారి గొట్టం చెప్పింది నాలుగొందల ముప్పై ఒకటి.
రాసుకున్నాను.
ఆ అంకెలో ఎవరెవరున్నారో రాయడానికి
రిజిస్టరులో గడి లేదు.